'లోని' ముస్లింలు

1996లో ఒక సినిమా వచ్చింది. తమిళంలో దాని పేరు 'ఇండియన్'. తెలుగులోకి వచ్చేసరికి 'భారతీయుడు' అయింది. హిందీలో 'హిందుస్తానీ'. కమల్‌హాసన్ ఒక్కడే, కథ ఒక్కటే, పేర్లు మూడు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. నల్లగొండ జిల్లాలో మా చిన్న ఊరి టాకీసులో నేను తెలుగు బొమ్మ చూశాను. హైదరాబాద్‌లో ఉండే మా మామూ హిందీ బొమ్మ చూశాడు. ఆయన మా ఇంటికొచ్చినప్పుడు ఈ మూడింట్లో అసలు పేరేదని ఇద్దరం వాదులాడుకుంటుంటే, అబ్బా చేతిలో బీడీ ఆర్పేసి అడిగాడు: "సరే, మీ సారు నిన్ను ఈ మూడింట్ల ఏ పేరుతోటి పిలుస్తడు?"

మా సారు నన్ను తుర్కపోరడా అని పిలిచేవాడు. ప్రేమగానే పిలిచేవాడు, ఆ మాట కూడా చెప్పాలి. లెక్కల్లో మంచి మార్కులొస్తే 'తుర్కపోరడు కొట్టిండురా' అని క్లాసంతటికీ చాటేవాడు. 2024లో ఆ సినిమాకు రెండో భాగం వచ్చింది. గోడల మీద 'భారతీయుడు 2' పోస్టర్లు చూసినప్పుడు అబ్బా ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. ఆ ప్రశ్న చుట్టూ ఇన్నేళ్ళుగా నా దగ్గర పోగైన మాటల్ని ఇక్కడ కుప్ప పోస్తున్నాను.

ఇరవై ఏళ్ళుగా నా బతుకు ఉర్దూ వార్తను తెలుగులోకి, తెలుగు వార్తను ఉర్దూలోకి మార్చడంతోనే గడుస్తోంది. ఉర్దూ కాపీలో 'హిందుస్తానీ ముసల్మాన్' అని ఉంటుంది. నేను 'భారతీయ ముస్లింలు' అని రాసిస్తాను. పొద్దున పేపర్లో 'భారతదేశంలోని ముస్లింలు' అని అచ్చయి ఉంటుంది. మొదట్లో ఇది పేపరు శైలి అనుకున్నాను. తర్వాత గమనించడం మొదలుపెట్టాను. ఒకరోజు డెస్కులో సీనియర్ని అడిగాను. మంచి మనిషి. అభ్యుదయ సాహిత్య సభల్లో ముందు వరసలో కూర్చుంటాడు, రంజాన్‌కు మా ఇంట్లో షీర్‌ఖుర్మా రెండు గిన్నెలు తాగుతాడు. "రెండూ ఒకటే కద భాయ్" అన్నాడు. "అయితే సంక్రాంతి వార్తలో 'భారతదేశంలోని హిందువులు' అని ఎప్పుడైనా రాశారా?" అన్నాను. కాసేపు ఆలోచించాడు. "వాళ్ళు ఇక్కడివాళ్ళే కదా, మళ్ళీ చెప్పడమెందుకు?" అని, తను ఏమన్నాడో తనకే వినబడి, నవ్వేశాడు. నేనూ నవ్వాను. మర్నాడు పేపర్లో మళ్ళీ 'లోని' వచ్చింది.

బళ్ళో విభక్తులు వల్లించాం గుర్తుందా? కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి. 'యొక్క'నూ 'లోపలన్'నూ మన వ్యాకరణం ఒకే గూట్లో పెట్టింది. ఒకటేమో సొంతం అని చెబుతుంది, ఇంకొకటి అక్కడ ఉన్నాడు అని మాత్రమే చెబుతుంది. గది యొక్క గోడ, గదిలోని కుర్చీ. గోడ తీసేస్తే గది ఉండదు. కుర్చీని ఎప్పుడైనా బయట వేయొచ్చు. అదే విభక్తిలో పక్కనే ఉన్న 'యొక్క' మాకు ఎందుకు దక్కదన్నదే నా పేచీ.

'లోని' దానంతట అది పాపిష్టి మాట కాదు. 'అమెరికాలోని తెలుగువారు' అని మన పేపర్లు రోజూ రాస్తాయి. అందులో ఎంత మమకారం ఉందో చూడండి. వాళ్ళు ఉంటున్నది అక్కడ గానీ మనవాళ్ళే అని దాని భావం. అంటే 'లోని' అన్నచోటల్లా ఆ మనిషి వేరు ఇంకెక్కడో ఉందనే ధ్వని వస్తుంది. అమెరికాలోని తెలుగువాడి వేరు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంది. మరి భారతదేశంలోని ముస్లిం వేరు ఎక్కడుందని మీ ఉద్దేశం?

దానికి జవాబు తెలుగులో చాలా పాతది. తురక. టర్కు అనే జాతి పేరు సంస్కృతంలో తురుష్క అయింది, తమిళంలో తులుక్క అయింది, మనకు తురక అయింది. మధ్యాసియా నుంచి గుర్రాల మీద వచ్చిన సైనికులకు అది సరిపోయే పేరే. కానీ మాటకు కాళ్ళున్నాయి. సైనికుణ్ణి దాటి, కలిమా చదివిన ప్రతివాడి నెత్తికీ ఎక్కింది. తరతరాలుగా ఈ నేల మీదే పత్తి ఏకిన దూదేకులవాడు తురక. రాళ్ళు కొట్టి, తోళ్ళు శుద్ధి చేసి, దస్తగిరి జెండా ఎత్తి, ఇంట్లో తెలుగు తప్ప మరో మాట రానివాడు కూడా తురకే.

ఇంతకన్నా తమాషా ఇంకొకటుంది. గోల్కొండ కుతుబ్‌షాహీలు నిజంగానే తుర్కమాన్ వంశంవాళ్ళు. ఆ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చాడు. మరి ఆ వంశంలో 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ఏమన్నారు? మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. అగ్రహారాలూ అంబారీలూ ఉన్న అసలు తుర్కమాన్ పేరు చివర రాముణ్ణి చేర్చి తెలుగువాణ్ణి చేసుకున్నారు. ఏమీ లేని ఊరి దూదేకులవాణ్ణి తురకను చేశారు. ఈ ముక్క మన సాహిత్య చరిత్రల్లో గంగాజమునా తెహజీబుకు ఉదాహరణగా కనిపిస్తుంది. నాకు మాత్రం అది కులం, కలిమి ఎవరికి ఏ పేరు పెడతాయో చెప్పే ఉదాహరణగానే కనిపిస్తుంది.

2022లో టర్కీ దేశం తన పేరును ఇక అన్ని భాషల్లోనూ 'తుర్కియే' అని రాయాలని ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాసింది. ఆ ఏడాది జూన్‌లో సమితి ఒప్పుకుంది. ఇంగ్లీషులో ఆ దేశం పేరూ ఒక పక్షి పేరూ ఒకటే కావడం వాళ్ళ బాధల్లో ఒకటి. ఆ వార్తను నేనే అనువదించాను. దేశానికైతే ఉత్తరం రాసేందుకు ఒక చిరునామా ఉంటుంది. మా ఊళ్ళో ముస్లింల వాడను తుర్కగేరి అంటారు. గేరి వాళ్ళు ఎవరికి రాయాలి?

ఇక్కడ మావాళ్ళ సంగతి కూడా మాట్లాడాలి. తురక అన్నది ఎదుటివాళ్ళు అంటగట్టిన పేరే. కానీ మాలో కొందరు దాన్ని కిరీటంలా పెట్టుకున్నారు. మా తాత ముత్తాతలు బుఖారా నుంచి వచ్చారు, బాగ్దాద్ నుంచి వచ్చారు, మా షజ్రా ఫలానావారి దాకా పోతుంది అని దివాన్‌ఖానాల్లో గొప్పలు చెప్పుకున్నది ఎవరు? పెళ్ళి సంబంధం దగ్గర సయ్యద్, షేక్, పఠాన్ అని ఆరా తీసి, దూదేకుల ఇంటి గుమ్మం తొక్కనిది ఎవరు? మీరు బయటినుంచి వచ్చారు అని వాళ్ళంటే కోపమొస్తుంది. మేం బయటినుంచి వచ్చాం అని మేమే అంటే ఖాన్‌దాన్ అవుతుంది. అష్రాఫు ఇళ్ళలోని ఈ గొప్ప, వాడలో ఉన్న పస్మాందా పిల్లవాడి మీద శాపంలా పడింది. రాసేవాళ్ళం మనం కూడా దీని గురించి గట్టిగా రాయలేదు.

తెలంగాణకు 'మనవాడు' అనడానికి ఒక మాట ఉండేది: ముల్కీ. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే దేశంవాడు. అచ్చమైన ఉర్దూ మాట. 1919 నాటి నిజాం ఫర్మానాతో నౌకర్లకు అది కొలమానమైంది. బయటినుంచి వచ్చినవాడు పదిహేనేళ్ళు ఇక్కడే స్థిరంగా ఉండి, వెనక్కి పోనని రాసిస్తే ముల్కీ అయ్యేవాడు. 1952లో, మళ్ళీ 1969లో కుర్రాళ్ళు ఆ మాట కోసమే రోడ్లెక్కారు, తుపాకీ గుళ్ళు తిన్నారు. రెడ్డీ, మాదిగా, ముసల్మానూ అందరూ ముల్కీలే అప్పుడు. ఉద్యమం చల్లారి ఊరికి తిరిగి రాగానే, ఉర్దూ మాటతో తనను తాను పిలుచుకున్న నోటితోనే పక్కింటివాణ్ణి తుర్కోడన్నారు. పదిహేనేళ్ళకు ముల్కీ కావచ్చునట. ఏడొందల ఏళ్ళు చాలలేదు.

ఇక హిందుస్తానీ. మా ఇళ్ళలో దేశం పేరు హిందుస్తాన్. దేవుడి ప్రసక్తి లేదు అందులో. సింధు నదిని పార్శీ నోరు హిందు అని పలికింది, ఆ నదికి ఇవతలి నేల హింద్ అయింది. 'జై హింద్' నినాదాన్ని సుభాస్ బోస్ దండుకు ఇచ్చినవాడని చెప్పే ఆబిద్ హసన్ సఫ్రానీ మా హైదరాబాదీ. అదే మాటను ఇప్పుడు 'హిందువుల స్థానం' అని చీల్చి వివరిస్తే, మా ఇంటి మాటే మమ్మల్ని బయటికి తోస్తుంది. సరిహద్దుకు అవతల పరిస్థితి ఇంకా విచిత్రం. 1947లో కొత్త దేశం 'ఇండియా' అనే పేరు తీసుకోవడం మీద జిన్నా అభ్యంతరం చెప్పాడు. పాకిస్తాన్ ఉర్దూ పేపర్లు మన దేశాన్ని 'భారత్' అనీ మనల్ని 'భారతీ' అనీ రాస్తాయి. హైదరాబాద్ ఉర్దూ పేపర్లో నేను హిందుస్తానీని, కరాచీ ఉర్దూ పేపర్లో భారతీని. ఇక్కడి తెలుగు పేపరు నాకు సులువుగా ఇవ్వని 'భారతీయుడు' అనే బిరుదు నాకు కరాచీలో దొరుకుతోంది!

నవ్వులాటగా అన్నానుగానీ, ఇందులో ఒక పద్ధతి ఉంది. 1948 తర్వాత ఇక్కడి కుటుంబాలు కొన్ని కరాచీ పోయాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేట ఉంది. వాళ్ళు కోరి పోయిన దేశంలో వాళ్ళ పేరు ముహాజిర్, వలసొచ్చినవాడు. చుట్టం చూపుగా ఇక్కడికొస్తే 'పాకిస్తానోళ్ళు వచ్చారు' అంటారు. ఉన్నచోట దక్కని పేరు, దాటి వస్తే దక్కుతుంది.

ఇది ముస్లింల గోల అనుకుంటే, తెలుగు పాఠకులు ఒకసారి బర్మా వైపు చూడాలి. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వేలాదిమంది కూలీలు రంగూన్ పోయారు. అక్కడ వాళ్ళకు తెలుగువాళ్ళని పేరు లేదు. కోరంగీలు అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి పాతకాలంలో ఓడలు పోయేవి గనక, సోంపేటవాడైనా, అనకాపల్లివాడైనా, జన్మలో కోరంగి ముఖం చూడనివాడైనా కోరంగీయే. ఆ మాటలో గౌరవం లేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తేలి పాతవాళ్ళను తిరిగి తీసుకోగానే కొత్తవాళ్ళను పొమ్మన్నారు. అక్కడ రేగిన గొడవ నగరమంతా పాకింది. కోరంగీ అన్న ఒక్క గుర్తు మీద తెలుగువాళ్ళను వెతికి వెతికి చంపారు. ఏ ఊరు, ఏ కులం, ఎన్నేళ్ళుగా ఉంటున్నావు అని ఎవరూ అడగలేదు. మతఘర్షణల్లో తురక అన్న గుర్తు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఆ కూలీల పిల్లల్ని అడిగితే చాలు.

1962లో అక్కడ సైనిక పాలన వచ్చాక చాలామంది తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. ఇక్కడికొచ్చాక వాళ్ళకు పడ్డ పేరేమిటి? బర్మావాళ్ళు. రంగూన్‌లో రెండు తరాలు చెమటోడ్చినా ఇవ్వని పేరును సొంత నేలకు తిరిగొచ్చాక మనం ఇచ్చాం.

మలయా కథ కూడా ఇదే తూర్పు తీరానిది. అక్కడ భారతీయులను కెలింగ్ అని ఈసడిస్తారు. అది కళింగ నుంచి వచ్చిన మాట. పెనాంగ్ ఊళ్ళో 1801 నాటి మసీదు ఒకటుంది, దాని పేరు కపితాన్ కెలింగ్ మసీదు. దాన్ని కట్టించుకున్నది ఇక్కడినుంచి పోయిన ముస్లింలు. అంటే మసీదులో నమాజు చదివే మనిషికి అక్కడ కళింగ పేరు. ఈ తీరం మీద నమాజు చదివితే టర్కుల పేరు.

ఇప్పుడు హైదరాబాద్ బాలాపూర్‌కు రండి. రోహింగ్యాల గుడిసెలున్నాయి. వార్త కోసం వెళ్ళినప్పుడు నేను చాలాసేపు ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం కింద గుర్తించిన జాతుల జాబితాలో వాళ్ళ పేరు లేదు. 2014 జనాభా లెక్కల్లో రోహింగ్యా అని రాయించుకుంటామంటే రాయలేదు. బెంగాలీ అని రాయించుకోండి, లేదంటే లెక్కలోనే ఉండరు అన్నారు. ఆయన తన భాషకూ నా దక్కనీకీ మధ్యలో ఎక్కడో నిలబడి చెప్పాడు: పుట్టినచోట మమ్మల్ని బెంగాలీ అంటారు, ఇక్కడ మీ గల్లీవాళ్ళు బర్మావాలా అంటారు. బర్మా క్యాంపు తెలుగువాళ్ళనూ బాలాపూర్ రోహింగ్యాలనూ ఒకే పేరుతో పిలుస్తున్నామని నాకు అక్కడ కూర్చున్నప్పుడే తట్టింది. ఆ ముక్క నా వార్తలో రాశాను. స్థలాభావం వల్ల తీసేశామన్నారు.

మెజారిటీ అన్నది మతం కాదు, ఒక అలవాటు అనడానికి బంగ్లాదేశ్ చాలు. భాష కోసం రక్తం చిందించి పుట్టిన దేశం. 1972 రాజ్యాంగంలో పౌరులందరూ బెంగాలీలు అని రాసుకుంది. చిట్టగాంగ్ కొండల నుంచి వచ్చిన సభ్యుడు మానబేంద్ర నారాయణ లార్మా లేచి, నేను చక్మాను, బెంగాలీని ఎట్లా అవుతానని అడ్డం తిరిగాడు. ఎవరూ వినలేదు. తర్వాత సైనిక పాలనలో పౌరుల పేరు 'బంగ్లాదేశీ' అయింది. 2011 సవరణలో జాతిగా బెంగాలీలు, పౌరులుగా బంగ్లాదేశీలు అని రెండూ పెట్టారు. చక్మాలకు సగం పేరు దక్కింది. అణగిన తెలుగు ముస్లిం గురించి వ్యాసాలు రాసే మనం అక్కడి చక్మా గురించి మాట్లాడకపోతే మన మాటకు విలువ ఏముంటుంది?

తెలుగు ముస్లిం అన్నాను గదా. ఆ మాట మీద కూడా ఒక పంచాయితీ ఉంది. "మీరు తెలుగువాళ్ళా, ముస్లింలా?" ఇల్లు అద్దెకు అడగబోయినప్పుడు ఈ ప్రశ్న ఎదురవని ముస్లిం ఈ రెండు రాష్ట్రాల్లో ఉంటాడని నేననుకోను. అడిగేవాళ్ళలో చాలామందికి ఆ ప్రశ్నలో తప్పేమిటో తెలియదు. శరత్ 'శ్రీకాంత్'ను తెలుగువాళ్ళు సొంత నవలలా చదువుకున్నారు. దాని మొదట్లో ఒక ఫుట్‌బాల్ ఆట వస్తుంది, బెంగాలీలకూ ముస్లింలకూ మధ్య. ఆ ముస్లిం కుర్రాళ్ళు బెంగాలీలు కారా అని మన పాఠకులు అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. అదే ప్రశ్న నోట్లో ఉన్నవాళ్ళకు ఆ వాక్యం వింతగా ఎందుకుంటుంది?

2024లో అమెరికా ఎన్నికలప్పుడు ఉషా వాన్స్ మన తెలుగమ్మాయి అయింది, ఆమె భర్త ఆంధ్రా అల్లుడయ్యాడు. ఆమె పుట్టింది కాలిఫోర్నియాలో. చేర్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు, పెద్ద మనసే. అదే వారంలో మిర్యాలగూడలో పుట్టి తెలుగు మీడియంలో చదివి తెలుగులో ఎమ్మే చేసిన మా చెల్లెలితో ఒకాయన అన్నాడు: "మీకు తెలుగు భలే వచ్చే!"

కొందరు మిత్రులు నన్ను అడుగుతుంటారు, నువ్వు ముందు భారతీయుడివా, ముందు ముస్లింవా అని. పోలీస్ స్టేషన్లో అడగాల్సిన ప్రశ్న టీ హోటల్లో అడుగుతారు. రాజ్యాంగం మొదటి అధికరణంలో 'ఇండియా, అంటే భారత్' అని రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి. 1949 సెప్టెంబరులో ఏది ముందు రాయాలన్న దాని మీద రాజ్యాంగ సభలో పెద్ద వాదనే జరిగింది. రెండు పేర్లనూ ఉంచుకున్నారు. దేశానికి రెండు పేర్లుంటే ఎవరూ దాన్ని నిలదీయడం లేదు.

తురక మాటను నిషేధించమని నేను అడగడం లేదు. మా నాన్నమ్మ తనను తాను తుర్కదాన్ననే చెప్పుకునేది, ఆ మాటలో ఆమెకు ఏ నొప్పీ లేదు. నేను అడిగేది పేపరు గురించి, పాఠ్యపుస్తకం గురించి, ఇళ్ళ ముందు నిలబడి అడిగే ఆ ప్రశ్న గురించి. రాసేవాళ్ళు 'లోని' అని రాసేముందు ఒక్క క్షణం కలం ఆపితే చాలు.

అమ్మీ 2012లో హజ్‌కు పోయొచ్చింది. అరబ్బీలో హిందీ అంటే హింద్‌వాడు, మతంతో పనిలేదు. హిందూ మతస్తుడికి అక్కడ వేరే మాట ఉంది. పదిహేనో శతాబ్దంలో బుర్హాన్‌పూర్‌లో పుట్టి మక్కాలో స్థిరపడ్డ హదీసు పండితుడు అలీ ముత్తఖీ పేరు చివర ఈనాటికీ 'అల్ హిందీ' అనే ఉంది. అమ్మీకి ఇవేవీ తెలియవు. మక్కాలో తస్బీ బేరమాడుతుంటే దుకాణదారు "హిందీ?" అని అడిగాడట. ఆమె లెక్కలో హిందీ అంటే దూరదర్శన్ వార్తలు. "నక్కో బాబా, హిందీ నై ఆతీ, తెలుగూ ఆతీ" అందట. పక్కనున్న హైదరాబాద్ ఆమె, నీ భాష కాదు దేశం అడుగుతున్నాడని చెప్తే, అప్పుడు తలూపిందట.

ఊరికొచ్చాక పక్కింటి యాదమ్మకు ఖర్జూరాలు ఇస్తూ ఈ ముచ్చట చెప్పింది. "ఆడ అందరు నన్ను హిందీ అన్నరు వదినె."

"అంటే ఏంది?"

"ఈడిదాన్ని అని."

యాదమ్మ ఖర్జూరం గింజ తీసి అరుగు కింద పారేసింది. "గది చెప్పిచ్చుకోనీకి గంత దూరం పోయినవా?" అంది.